క్రిస్మస్‌కు సగం ధరకే బైబిళ్లంటున్నారా? పైసలు పంపే ముందు రసీదు సంగతి తేల్చుకోండి

దేవరకొండ, కొండమల్లేపల్లి, అచ్చంపేట వైపు సంఘాల కోశాధికారులకు, స్త్రీల సమాజం అక్కచెల్లెళ్లకు ఇది రాస్తున్నాను. పండుగ ముందు ఎవరైనా ఫోన్ చేసి, మాది క్రైస్తవ సాహిత్య సొసైటీ, సగం ధరకే బైబిళ్లు, పాటల పుస్తకాలు ఇస్తున్నాం అంటే ఒక్కరోజు ఆగండి. 2024లో మేం ఆగలేదు.

మాది దేవరకొండ దగ్గర పల్లె. మా సమాజంలో పిడికెడు బియ్యం తీస్తాం. ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు డబ్బాలో వేసి, ఆదివారం చర్చికి తెచ్చి పోస్తాం. నెలకోసారి ఆ బియ్యం వేలం వేస్తాం. అట్లా ఏడాదిన్నర పోగేసిన పైసలతో 350 చొప్పున 60 బైబిళ్లు, 80 చొప్పున 100 పాటల పుస్తకాలు ఆర్డర్ పెట్టాం. వాళ్ల మాసపత్రికకు జీవిత చందా అంటే ఇంకో 12 మంది తలా వెయ్యి ఇచ్చారు. మొత్తం 41,000. లెక్కలు చూసేది నేనే కాబట్టి ఫోన్‌పే చేసింది కూడా నేనే. పంపేటప్పుడు తెర మీద సొసైటీ పేరు రాలేదు, ఒక మనిషి పేరు వచ్చింది. అడిగితే "డైరెక్టర్ గారి నంబరే సిస్టర్, సేవ ఆలస్యం కావొద్దని" అన్నారు. అక్కడే ఆగాల్సింది.

డిసెంబర్ రెండో వారంలో ఒక అట్టపెట్టె వచ్చింది. 24 బైబిళ్లు, 40 పాటల పుస్తకాలు. ఒక బైబిల్ తెరిస్తే పాత నిబంధన చివర మలాకీ అయిపోయాక కొత్త నిబంధన మొదట ఉండాల్సిన మత్తయి లేదు. కీర్తనల పేజీల కట్ట ఒకటి, 16 పేజీలు, తలకిందులుగా మళ్లీ కుట్టి ఉంది. అట్లాంటివి తొమ్మిది తేలాయి. కంటిచూపు తగ్గిన ఒక పెద్దమ్మ చేతిలో పెడితే వేలితో తడిమి, "గిందులో అక్షరాలు ఉన్నయా బిడ్డా?" అంది. పత్రిక రెండు నెలలు వచ్చింది. రెండో సంచిక అట్ట మీద డైరెక్టర్ గారి కుటుంబం ఫొటో, లోపల కొత్త భవనానికి కానుకల విన్నపం. మూడోది ఇంతవరకు రాలేదు.

ఫోన్ చేస్తే మొదట్లో "వందనాలమ్మా, ప్రార్థన చేయండి" అనేవారు. తర్వాత చెప్పిన సాకు ఏంటంటే, విదేశీ నిధుల రూల్స్ మారాయట, డబ్బు ఢిల్లీ అకౌంట్లో ఇరుక్కుందట, అందుకే ప్రింటింగ్ ఆగిందట. ఇందులో సగం నిజం ఉంది. ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించాక విదేశీ విరాళం ఏదైనా ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. కానీ మేం పంపింది బియ్యం పైసలు. దేవరకొండ నుంచి ఫోన్‌పేలో పోయినవి ఢిల్లీలో ఎట్లా ఇరుక్కుంటాయి? ఈ మాట అడిగిన రోజు నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు.

సరే, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేద్దామని రసీదు బయటికి తీశాను. అప్పుడు చదివాను సరిగ్గా. పుస్తకాల పేర్లు లేవు, సంఖ్య లేదు, ధర లేదు. "సువార్త సాహిత్య సేవకు స్వేచ్ఛా కానుక: రూ. 41,000" అని ఉంది. మనం కొన్నామనుకుంటున్నాం, వాళ్ల కాగితంలో ఇచ్చేశాం. కొంటే వినియోగదారులం, అడిగే హక్కుంది. కానుక ఇచ్చినవాళ్లు వినియోగదారులు కారు. నన్నడిగితే అసలు మోసం తప్పుల ప్రింటింగ్ కాదు, ఈ ఒక్క మాట.

మా అన్న కొడుకు హైదరాబాద్‌లో ఒక సీఏ దగ్గర పనిచేస్తాడు. రసీదు అడుగున "80జి మినహాయింపు కలదు" అన్న ముద్ర, అంటే కానుక ఇచ్చినవాళ్లకు ఆదాయపు పన్నులో తగ్గింపు ఉందన్న మాట, చూసి నవ్వాడు. "అత్తా, మతపరమైన పనులకు ఆదాయంలో 5 శాతం మించి ఖర్చు పెట్టే సంస్థకు 80జి రాదు. వీళ్ల పనే బైబిళ్లు ప్రింట్ చేయడం కదా" అన్నాడు. ఒకవేళ నిజంగానే ఉంటే సంస్థ 10బీఈ అనే సర్టిఫికెట్ ఇవ్వాలట. చందా కట్టిన మా టీచర్ గారు 80జి ఉందనే ముందుకొచ్చారు. ఆయనకు అది రాలేదు. పైగా ఆయన ఉన్నది కొత్త పన్ను విధానంలో, అందులో 80జి లెక్కలోకే రాదు.

వాడు చెప్పాకే రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి ఫీజు కట్టి ఆ సొసైటీ కాగితాల నకలు తీసుకున్నాను. మన దగ్గర సొసైటీలు 2001 చట్టం కింద రిజిస్టర్ అవుతాయి, కనీసం ఏడుగురు ఉండాలి. వీళ్లకు సరిగ్గా ఏడుగురే ఉన్నారు. అధ్యక్షుడు డైరెక్టర్ గారు, కార్యదర్శి ఆయన భార్య, కోశాధికారి బావమరిది. మిగిలిన నలుగురిలో ఇద్దరిది అదే ఇంటిపేరు. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి కమిటీ జాబితా దాఖలు చేయాలి. ఆ ఫైల్లో రిజిస్ట్రేషన్ నాటిది తప్ప ఇంకో జాబితా లేదు. జీవిత చందా కట్టిన మా 12 మంది పేర్లు సభ్యుల్లో ఉంటాయేమోనని వెర్రిగా వెతికాను. చందాదారు వేరు, సభ్యుడు వేరు. చందాదారుకు ఓటు లేదు, లెక్కలు చూపమనే హక్కూ లేదు. ఇంగ్లండులోనైతే ఇట్లాంటి సంస్థల జమాఖర్చులు ఛారిటీ కమిషన్ వెబ్‌సైట్‌లో పెడతారు, ఇంట్లో కూర్చుని ఎవరైనా చూడొచ్చు. నాకు ఒక పూట పనీ, బస్సు ఛార్జీలూ పోయాయి.

మా సంఘంలోనే ఒక పెద్దాయన "విశ్వాసి మీద విశ్వాసి కోర్టుకు పోవచ్చా? మొదటి కొరింథీ ఆరో అధ్యాయం చదవమ్మా" అన్నారు. చదివాను. రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయం కూడా చదివాను. చందా సొమ్ము విషయంలో తన మీద నింద రావొద్దని పౌలు ఒంటరిగా పట్టుకుపోలేదు, సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంట పెట్టుకున్నాడు. బావమరిదిని కాదు.

ఇప్పుడు నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే చోటే వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. రసీదులో కానుక అని ఉన్నా మాకు ఒక ఆధారం మిగిలింది. ఆర్డర్‌కు ముందు ఆ సొసైటీ వాళ్లు వాట్సాప్‌లో పంపిన మెసేజ్: "బైబిల్ 350, పాటల పుస్తకం 80, డెలివరీ ఫ్రీ." ధర చెప్పి అమ్మారనడానికి అదే సాక్ష్యం. మీలో ఎవరికైనా ఇట్లాంటి మెసేజ్ వచ్చి ఉంటే ఫోన్ నిండిందని తుడిచేయకండి. ఫోన్‌పే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తప్పు బైబిళ్లు పారేయకండి, మావి తొమ్మిదీ నా దగ్గరే సంచిలో ఉన్నాయి. ఇదే రకం రసీదు ఉన్నవాళ్లు కింద చెప్పండి, కమిషన్ ముందు అందరివీ కలిపి పెడదాం.