హార్బర్‌లో కయాక్: సింగిల్ మేలా, డబుల్ మేలా?

ఎండాకాలం పిల్లల దగ్గరికి యూరప్ పోయే నల్గొండ, పాలమూరు వాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ లాంటి ఊళ్లో గైడ్ వెంట కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) టూర్‌కు పోతే ఒకరు కూర్చునే సింగిల్ తీసుకోవాలా, ఇద్దరు కూర్చునే డబులా?

కాలువల వరకైతే సింగిలే హాయి. ఆ ఊళ్లోని క్రిస్టియన్స్‌హవ్న్ పేట కాలువల్లో మన సాగర్ ఎడమ కాల్వ ఉరవడి ఉండదు, నీళ్లు దాదాపు నిలకడ. వంతెనల దగ్గర పొట్టి పడవ చటుక్కున తిరుగుతుంది.

చిక్కంతా హార్బర్ దాటేచోట. సాగర్‌లో లాంచీ లేపిన అల ఒడ్డు వాలెక్కి చచ్చిపోతుంది. హార్బర్ గోడలేమో నిట్టనిలువు. అల గోడకు కొట్టుకుని వెనక్కొచ్చి, వచ్చే అలతో కలిసి నీళ్లు ఉన్నచోటే ఎగిరెగిరి పడతాయి. కొత్తవాళ్లు అప్పుడే తెడ్డు గాల్లోకెత్తి పడవ అంచు పట్టుకుంటారు, బోల్తా పడతారు. చేయాల్సింది దానికి ఉల్టా: గోడకు కాస్త ఎడంగా జరిగి, పడవ ముక్కును అలకు ఏటవాలుగా పెట్టి, తెడ్డేస్తూనే ఉండాలి.

అందుకే మొదటిసారికి డబులే నయం. వెడల్పెక్కువ, తొందరగా ఒరగదు. ఎదురుగాలిలో ఒకరు అలిసినా గుంపుకు వెనకబడరు. బరువున్నవాళ్లు వెనక కూర్చోవాలి, చుక్కాని పెడళ్లు సాధారణంగా అక్కడే ఉంటాయి. ముందువాళ్లకు వెనక కనిపించదు కాబట్టి వెనకవాళ్లే వాళ్ల వరుసకు తెడ్డు కలపాలి. కలపకపోతే తెడ్లు టకటక కొట్టుకుంటాయి, తర్వాత మాటలూ! కయాకర్లు దీన్ని విడాకుల పడవ అంటారు.

ఏదెక్కినా లైఫ్ జాకెట్ భుజాలు పట్టి పైకి లాగి చూడండి, చెవుల దాకా వస్తే పట్టీలు వదులున్నట్టే. పడవలోకి నీళ్లు రాకుండా నడుముకూ పడవ నోటికీ కలిపి బిగించే గుడ్డను స్కర్ట్ అంటారు; అది బిగిస్తే ముందున్న లూప్ బయటికే ఉండాలి, బోల్తా పడితే ఆ లూప్ లాగి బయటపడాలి. జీన్స్ వద్దు, తడిస్తే బరువు, చలి.

పైన కూర్చునే రకం కయాక్ బోల్తా పడితే ఎక్కడం తేలిక, కాకపోతే తడవడం ఖాయం. మోకాళ్లు వంగని పెద్దవాళ్లకు కోపెన్‌హాగెన్‌లోని న్యూహవ్న్ రేవు నుంచి కదిలే టూరిస్టు బోటు చాలు.

సోమశిలలో పుట్టి తిప్పిన చెయ్యైతే సింగిల్ తీసుకోవచ్చు. కాకపోతే పుట్టిలోలా ముందునుంచి తనవైపు లాగొద్దు. తెడ్డు పాదాల పక్కన ముంచి తుంటి దగ్గర ఎత్తాలి. తుంటి దాటిందా, ముక్కు పక్కకు తిరుగుతుంది.