సీటు లేదన్నారు: అప్పీల్ వేయాలా, వెయిటింగ్ లిస్టులో కూర్చోవాలా?

ఏప్రిల్ 16. ఇంగ్లండ్‌లో నాలుగేళ్ల పిల్లలున్న ఇళ్లలో ఆ రోజు పొద్దున్నుంచీ అందరి చూపూ ఫోన్ మీదే, ఏ ప్రభుత్వ బడిలో సీటొచ్చిందో తెలిసేది ఆ రోజే. మా మెయిల్ వచ్చేటప్పటికి పెనం మీద దోసె ఉంది. ఆరు నిమిషాల్లో నడిచి వెళ్లగలిగే బడిని మొదటి ఎంపికగా రాశాం. ఇచ్చింది మాత్రం మేం అసలు రాయని బడి, రెండు బస్సులు మారాలి. దోసె మాడిపోయింది.

తెలిసినవాళ్లందరిదీ ఒకటే మాట: "అప్పీల్ పడెయ్యండి, పోయేదేముంది?" నిజమే, ఫీజేమీ లేదు. కాకపోతే మేం రెండు నెలలు ఆ ఒక్క అప్పీల్ మీదే ఆశ పెట్టుకుని కూర్చున్నాం. అది ఎలాంటి అప్పీలో ముందే తెలిసి ఉంటే అంత టెన్షన్ పడేవాళ్లం కాదు.

ముందుగా ఒక మాట. ఏ దారిలో వెళ్లినా, ఇచ్చిన సీటుకు ఒప్పుకోండి. ఒప్పుకున్నంత మాత్రాన అప్పీల్ బలహీనపడదు, వెయిటింగ్ లిస్టులో మీ స్థానమూ మారదు. కోపంలో వద్దనేస్తే సెప్టెంబరుకి ఏ బడీ లేకుండా మిగిలే ప్రమాదం ఉంది.

ఇక అసలు సంగతి 30 అనే అంకె. రిసెప్షన్ (నాలుగేళ్లకి చేరే మొదటి తరగతి), ఆ తర్వాతి ఇయర్ 1, ఇయర్ 2 తరగతుల్లో ఒక టీచర్‌కి 30 మందికి మించి పిల్లలు ఉండకూడదని ఇక్కడ 1998 నాటి చట్టం. కవలల్లో ఒకరు ముప్పయ్యో సీటులో చేరితే రెండోవాళ్లని కూడా తీసుకోవచ్చు. ఇలాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి కానీ మామూలు ఇళ్లకు అవి వర్తించేది అరుదు. తరగతి 30కి నిండాక వేసే అప్పీల్‌ని, దాన్ని వినే ప్యానెల్ మూడు కారణాలకే ఒప్పుకోగలదు. ఒకటి, మీ పిల్లని చేర్చుకున్నా 30 దాటదని తేలాలి. రెండు, అడ్మిషన్ నిబంధనలు చట్టానికి విరుద్ధంగా ఉండి, లేదా వాటిని సరిగ్గా అమలు చేయక, ఆ తప్పు వల్లే మీ సీటు పోయి ఉండాలి. మూడు, సీటు ఇవ్వకపోవడం బుద్ధి ఉన్నవాళ్లెవరూ తీసుకోని నిర్ణయమని తేలాలి. మూడోదాని గీత చాలా ఎత్తున ఉంటుంది. ఉద్యోగ వేళలు, బస్సు కష్టాలు, ఇంట్లో పెద్దవాళ్ల అనారోగ్యం దాన్ని దాటలేవు.

మా విచారణ జూన్‌లో, వీడియోలో జరిగింది. బడితో సంబంధం లేని ముగ్గురు ప్యానెల్ సభ్యులు, రాసుకోవడానికి ఒక క్లర్క్, బడి తరఫున మాట్లాడటానికి ఒకరు. మా ఆయన గూగుల్ మ్యాప్ ప్రింట్ తీసి, నడిచే దారిని పసుపు రంగు పెన్నుతో గీశారు. అత్తయ్యగారి మోకాళ్ల గురించి డాక్టర్ ఉత్తరం కూడా జత చేశాం. అధ్యక్షురాలు అంతా ఓపిగ్గా విని, ఒక్క ప్రశ్న వేశారు: "దూరం కొలవడంలో గానీ, మీ దరఖాస్తు చూడటంలో గానీ పొరపాటు జరిగిందంటారా?" మా దగ్గర సమాధానం లేదు. ఆ పసుపు గీతకి అక్కడ విలువ లేదని అప్పుడు తెలిసింది. నాలుగు రోజుల్లో ఉత్తరం వచ్చింది, అప్పీల్ కొట్టేశారు.

అదే మీ ఫైల్లో తప్పు దొరికితే కథ వేరు. అన్న అదే బడిలో చదువుతున్నాడని ఫారంలో రాసినా లెక్కలోకి తీసుకోకపోవడం, గడువులోపే తెలిపిన కొత్త చిరునామా బదులు పాతదాని నుంచి దూరం కొలవడం, మత సంస్థల బడికి విడిగా ఇచ్చిన ఫారం పక్కన పడిపోవడం. ఇలాంటిది ఒక్కటి చేతిలో ఉన్నా అప్పీల్ వేయాల్సిందే. అందుకే కన్నీళ్లతో ఉత్తరం మొదలుపెట్టే ముందు, మిమ్మల్ని ఏ ప్రాధాన్య వర్గంలో వేసి ఎంత దూరం లెక్కగట్టారో, చివరి సీటు ఎంత దూరంలో ఉన్నవాళ్లకి వెళ్లిందో కౌన్సిల్‌ని (స్థానిక ప్రభుత్వాన్ని) రాసి అడగండి.

వెయిటింగ్ లిస్టుకి మాటకారితనం అక్కర్లేదు. అందులో ముందొచ్చినవాళ్లకి ముందు అనే లెక్కే లేదు. ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లలు, అదే బడిలో తోబుట్టువులున్నవాళ్లు, ఇంటి దూరం, ఇలా ఆ బడి నిబంధనల వరసలోనే పేర్లుంటాయి. కొత్త పేరు చేరిన ప్రతిసారీ వరస మళ్లీ వేస్తారు, కాబట్టి వెనక్కి కూడా జారతాం. మేం మేలో ఐదో స్థానం. పక్క వీధిలోకి ఎవరో కొత్తగా దిగారు, ఆరుకి పడ్డాం. మన ఊళ్లో అయితే ఎమ్మెల్యే సిఫార్సు ఉత్తరం కోసం తిరిగేవాళ్లం. ఇక్కడ ఎంపీ ఉత్తరం తెచ్చినా ఆ ఆరు ఐదు కాదు.

కానీ ఆ లిస్టు కదులుతుంది. ఇళ్లు మారేవాళ్లు, ప్రైవేటుకి వెళ్లేవాళ్లు, సెప్టెంబరులో చెప్పకుండానే రానివాళ్లు ఉంటారు. కనీసం డిసెంబరు 31 దాకా లిస్టు ఉంచాలన్నది నియమం. ఆ తర్వాత కొన్ని చోట్ల మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, తేదీ రాసి పెట్టుకోండి.

కాబట్టి రిసెప్షన్‌కి, తరగతి 30కి నిండి, తప్పేమీ దొరకనప్పుడు నా ఓటు లిస్టుకే. రెండూ కలిపి చేయవచ్చు, ఒకటి ఇంకోదానికి అడ్డు కాదు. అయితే అప్పీల్ మీద ఆశ మటుకు పెట్టుకోవద్దు.

ఇయర్ 3 నుంచి మాత్రం నా మాట తిరగేస్తాను. అక్కడ 30 చట్టం లేదు. ఇంకో పిల్లవాడొస్తే బడికి కలిగే ఇబ్బందిని ఒక పళ్లెంలో, రాకపోతే పిల్లవాడికి కలిగే నష్టాన్ని ఇంకో పళ్లెంలో వేసి ప్యానెల్ తూస్తుంది. మాకు పనికిరాని ఉత్తరాలు ఇక్కడ పనికొస్తాయి. మా స్నేహితురాలి కుటుంబం జనవరిలో హైదరాబాద్ నుంచి దిగింది. చిన్నదానికి ఇంటి పక్క బడిలో ఇయర్ 1 సీటు దొరికింది, ఇయర్ 4 పెద్దవాడికి దొరకలేదు. "మిగతా తరగతుల్లో ఎంతమంది ఉన్నారు?" అని ఆమె విచారణకి ముందే రాసి అడిగింది. సబబైన సమాచారం అడిగితే ఇవ్వాల్సిందే. ఇయర్ 5లో 32 మంది ఉన్నారని జవాబొచ్చింది. ఆ కాగితాన్ని ప్యానెల్ ముందు పెట్టి, ముప్పై ఒకటో పిల్లవాడు ఇయర్ 4కి ఎందుకు బరువో చెప్పమంది. గెలిచింది.

ఒక బడికి ఒక విద్యా సంవత్సరంలో సాధారణంగా ఒకటే అప్పీల్. పరిస్థితుల్లో పెద్ద మార్పు వస్తే తప్ప రెండోసారి వినరు. చేతిలో ఏమీ లేకుండా తొందరపడి వేయకండి. ఆఫర్ వచ్చాక కనీసం 20 పని దినాల గడువిస్తారు, బడి తెరిచి ఉన్న రోజులే లెక్క.

లిస్టులో మా వంతు వచ్చి, దగ్గరి బడిలో సీటుందని మాకు ఫోన్ అక్టోబరు రెండో వారంలో వచ్చింది. అప్పటికి మా వాడు దూరపు బడిలో కుదురుకున్నాడు, పక్కన కూర్చునే స్నేహితుడు కూడా దొరికాడు. చెల్లెలికి ఇంకా రెండేళ్లు, అన్న చదివే బడి అంటే దానికి వరసలో ముందు చోటు. వాడి స్నేహితుడా, దాని సీటా? జవాబు చెప్పడానికి మాకు రెండు రోజులే ఇచ్చారు. ఆ రెండు రాత్రులూ మేం పోట్లాడుకుంటూనే ఉన్నాం. వేసవి సెలవుల్లోనే కూర్చుని తేల్చుకోవాల్సిన ప్రశ్న అది.