డార్ట్‌మండ్‌లో 700 పీరియడ్లు: ఇంటిగ్రేషన్ కోర్సు మీద నా రివ్యూ

జర్మనీకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఇంటిగ్రేషన్ కోర్సులో చేరాలా, డబ్బులు దండగా అని తెలిసినవాళ్లు తరచూ అడుగుతుంటారు. నేను మొదటి నుంచి చివరిదాకా కూర్చున్నాను, రెండు పరీక్షలూ పాసయ్యాను. నా మాటైతే చేరమనే. కానీ ఆ పేరు చూసి ఇది అయిపోగానే ఈ సమాజంలో కలిసిపోతాం అనుకుంటే మాత్రం మనసు కష్టపెట్టుకుంటారు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు లెక్కలు చెప్పేస్తాను. మొత్తం 700 పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు. అందులో 600 భాషకి, మిగతా 100 ఓరియెంటేషన్‌కి, అంటే ఇక్కడి రాజ్యాంగం, చరిత్ర, సమాజం. నేను చేరినప్పుడు పీరియడ్‌కి 2.29 యూరోలు, మొత్తం 1,603 అయింది. ప్రభుత్వ భృతి మీద బతికేవాళ్లకు ఫీజు ఉండదు. చదవడం రాయడం రానివాళ్లకు ఒకటి, ఆడవాళ్లకు మాత్రమే అని ఒకటి, అప్పట్లో వేరే బ్యాచ్‌లు ఉండేవి, వాటిలో భాషకే 900 పీరియడ్లు. సిలబస్, రూల్స్ అన్నీ వలసలు, శరణార్థుల ఫెడరల్ ఆఫీసువి, పాఠం చెప్పేది మాత్రం ఊళ్లో ఉండే భాషా స్కూళ్లు. నా స్కూలు పేరు రాయను, ఎందుకంటే స్కూలు ఆఫీసువాళ్లు నన్ను నాలుగు నెలలు వెయిటింగ్‌లో పెట్టి ఒక్క ఈమెయిల్‌కీ జవాబివ్వలేదు, టీచరేమో బంగారం, పేరు రాస్తే ఇద్దరినీ ఒకే గాటన కట్టినట్టవుతుంది.

భాష బాగా నేర్పుతారు, దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రోజూ నాలుగు గంటలు కూర్చుంటే, ఇంటికెళ్లి హోంవర్క్ చేస్తే, బి1 వస్తుంది, అంటే రోజువారీ పనులు సొంతంగా చక్కబెట్టుకునేంత భాష.

అసలు సంగతి క్లాసులో ఎవరు కూర్చుంటారన్నది. మా బ్యాచ్‌లో 19 మందిమి, అందులో 14 మంది ముస్లింలు. సిరియా నుంచి, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ, ఒక మొరాకో కుర్రాడు, టర్కీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. యూరప్‌లో ముస్లింలు కలవడం లేదని, వేరే లోకంలా బతుకుతున్నారని టీవీలో రోజూ వినే నాకు, ఆ మాటలోని మనుషులు పక్క కుర్చీలో కూర్చుని నాలాగే 'డెర్, డీ, దాస్' (జర్మన్‌లో నామవాచకాల ముందు వచ్చే మాటలు) తప్పులు రాస్తూ కనిపించారు.

ఆ పెద్దావిడని అందరం 'తేజె' అనేవాళ్లం, టర్కిష్‌లో పిన్ని అని. ఆవిడ ఈ దేశానికి వచ్చింది 1979లో. భర్త ఇక్కడి బొగ్గు గనిలో పనిచేశాడు. పశ్చిమ జర్మనీ టర్కీతో కూలీల ఒప్పందం చేసుకున్నది 1961 అక్టోబర్ 30న. నాలుగు రోజులు పనిచేసి వెళ్లిపోతారులే అన్న లెక్కలో వాళ్లని 'గాస్ట్‌అర్‌బైటర్' అన్నారు, అంటే అతిథి కూలీ. 1973లో కొత్తవాళ్లని తీసుకోవడం ఆపేసేసరికి, ఒకసారి వెళ్తే మళ్లీ రానివ్వరన్న భయంతో ఉన్నవాళ్లు ఇక్కడే ఉండిపోయారు, పెళ్లాం పిల్లల్ని పిలిపించుకున్నారు. కానీ దేశమంతటికీ కలిపి ఇలాంటి కోర్సు వచ్చింది 2005లో. మధ్యలో 44 ఏళ్లు! ఒక తరం మొత్తం ముసలిదైపోయింది. ఇన్నేళ్లున్నా భాష రాదా అని ఆవిడని చూసి మొహం చిట్లించేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. ఆవిడ అనేది, "అప్పుడు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గిన్నెలు కడిగేదాన్ని. భాష నేర్చుకుంటావా అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు."

ఒక రోజు ఉత్తరం రాయడం పాఠం. డాక్టర్ అపాయింట్‌మెంట్ మార్చమని రాయాలి. తేజె ముప్పావు గంట వంచిన తల ఎత్తకుండా అయిదు లైన్లు రాసింది. టీచర్ ఎర్ర పెన్నుతో రెండే తప్పులు దిద్దింది. ఆ కాగితాన్ని తేజె నాలుగు మడతలు పెట్టి పర్సులో, మనవరాలి ఫొటో వెనక పెట్టుకుంది. అప్పటిదాకా ఆవిడ ఉత్తరాలన్నీ కొడుకే రాసేవాడట, ఎక్కడ నొప్పో కూడా డాక్టర్‌కి కొడుకే చెప్పేవాడట.

ఇక ఓరియెంటేషన్ భాగం. చాలామంది దీన్ని బట్టీ పట్టి వదిలేస్తారు, ఎందుకంటే పరీక్షలో 33 ప్రశ్నలు, కోర్సు వరకు 15 కరెక్టయితే చాలు (పౌరసత్వానికైతే 17), ప్రశ్నలన్నీ ముందే బయట దొరుకుతాయి. అలా వదిలేయకండి. నాకైతే ఈ 100 పీరియడ్లే మొత్తం ఫీజుకి సరిపోయాయి.

ఒక ప్రశ్న ఉంటుంది. 22 ఏళ్ల అమ్మాయి బాయ్‌ఫ్రెండ్‌తో కలిసి ఉంటోంది, తల్లిదండ్రులకు ఇష్టం లేదు, వాళ్లేం చేయొచ్చు? జవాబు, కూతురి నిర్ణయాన్ని గౌరవించాలి. దాని మీద ఆ పూటంతా గడిచిపోయింది. ఇద్దరు కూతుళ్లున్న ఒక సిరియా ఆయన, ఎప్పుడూ నోరెత్తని మనిషి, లేచి నిలబడి "అలాగైతే నేను దాంతో మాట్లాడను" అన్నాడు. టీచర్ గొంతు పెంచలేదు. "మాట్లాడకపోవచ్చు, ఏడవొచ్చు, నచ్చలేదని చెప్పొచ్చు. తలుపుకి తాళం వేయడానికి మాత్రం చట్టం ఒప్పుకోదు" అంది. బ్రేక్‌లో కూడా అరబిక్‌లో ఆ వాదనే నడిచింది, అక్కడి ఆడవాళ్లు ముగ్గురూ ఆయన మీదికి లేచారు. సాయంత్రం బస్‌స్టాప్‌లో ఆయనే నాతో అన్నాడు, "పెద్దదానికి ఏప్రిల్‌లో 18 నిండుతాయి." అంతే, ఇంకేం మాట్లాడలేదు. వీళ్లు మారరు అనేవాళ్లు, సమస్యే లేదు అనేవాళ్లు, ఇద్దరూ ఆ పూట మా క్లాసులో ఉండాల్సింది. సమస్య ఉంది. ఒక అఫ్గాన్ కుర్రాడు మొదటి వారాల్లో ఆడవాళ్లతో జతగా డైలాగ్ చదవనని కూర్చున్నాడు, టీచర్ ఒప్పుకోలేదు, జతలు మార్చలేదు, అతను చదివాడు. ఒకతను తను వస్తూ భార్యని ఇంట్లోనే ఉంచేశాడు. కానీ కష్టమైన మాట ఎదురుగా కూర్చుని మాట్లాడుకునే చోటు నాకు ఇక్కడ ఈ గది తప్ప ఇంకోటి దొరకలేదు.

ఊళ్లో స్టైన్‌వాఖె అని నాజీల కాలంలో వాళ్ల రహస్య పోలీసు దళం గెస్టపో వాడుకున్న జైలు ఉంది, ఇప్పుడు స్మారకం. అక్కడికి తీసుకెళ్లారు. ఒక సెల్ దగ్గర మా క్లాసు సిరియా కుర్రాడు ఆగిపోయి, గోడకి అరచెయ్యి ఆనించి, అడుగులతో వెడల్పు కొలిచాడు. "మాది ఇంతకన్నా చిన్నది" అన్నాడు. గైడ్ చెప్పడం ఆపేసింది. జర్మన్ చరిత్ర వాళ్లకి ఎక్కదు అనే మాట ఆ తర్వాత నేనెవరి దగ్గరా ఒప్పుకోలేదు.

ఇప్పుడు లోటు. రాజ్యాంగం 4వ అధికరణం, మత స్వేచ్ఛ పాఠం రోజు, సిరియాలోని హలబ్ (అలెప్పో) ఊళ్లో ఫార్మసిస్ట్‌గా చేసిన ఒకావిడ చెయ్యెత్తింది. "ఇది నాకూ ఉందిగా? మరి స్కార్ఫ్ తీస్తేనే ఉద్యోగం అంటున్నారే?" టీచర్ ఓపిగ్గా చెప్పింది. టీచర్లు హిజాబ్ వేసుకోకూడదని గంపగుత్తగా నిషేధించడం కుదరదని 2015లో రాజ్యాంగ కోర్టు తీర్పిచ్చింది, అది మా రాష్ట్రం నార్త్ రైన్-వెస్ట్‌ఫేలియా కేసే. ప్రైవేటు కంపెనీలు మాత్రం అన్ని మతాల గుర్తులకూ ఒకే రూల్ పెడితే నిషేధించుకోవచ్చని 2017లో యూరోపియన్ యూనియన్ కోర్టు అంది. ఆవిడ అంతా రాసుకుని, "కోర్టు సరే, నా ఫొటో చూడగానే అప్లికేషన్ పక్కన పడేసేవాళ్లని ఏ కోర్టుకి లాగను?" అంది. ఆవిడది ఊరికే అనుమానం కాదు. డోరిస్ వైక్సెల్‌బౌమర్ అనే ఆర్థికవేత్త ఒకే అమ్మాయి ఫొటోతో జర్మన్ కంపెనీలకు అప్లికేషన్లు పంపి, 2016లో ఫలితాలు ప్రచురించారు. జర్మన్ పేరుంటే 18.8 శాతం మంది ఇంటర్వ్యూకి పిలిచారు, టర్కిష్ పేరైతే 13.5, అదే టర్కిష్ పేరుకి స్కార్ఫ్ కూడా తోడైతే 4.2. ఈ తేడాని మా కోర్సు ఎలా పూడుస్తుంది? మాకు 'కలవండి' అని 700 పీరియడ్లు చెప్పారు, అవతలి వాళ్లకి ఒక్క పీరియడ్ కూడా లేదు.

అది చాలదన్నట్టు మా గదిలో జర్మన్ మనిషి టీచర్ ఒక్కతే. బ్రేక్‌లో అరబిక్ మాట్లాడేవాళ్ల టేబుల్ ఒకటి, అఫ్గాన్‌వాళ్ల భాష దరీ మాట్లాడేవాళ్ల టేబుల్ ఒకటి. వారానికి ఒక్క గంట ఈ ఊరి రిటైరైనవాళ్లనో, కాలేజీ పిల్లల్నో తెచ్చి మాతో కూర్చోబెడితే ఎంత ఖర్చవుతుంది? పసిపిల్లల్ని చూసుకునే ఏర్పాటు లేక ఇద్దరు తల్లులు మధ్యలోనే మానేశారు, అందులో ఒకావిడ మా అందరికన్నా బాగా మాట్లాడేది. భాష లేక వెనకబడిపోతున్నారనే వాళ్లనే మళ్లీ ఇంటికి పంపేసినట్టయింది, నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

నా మార్కులు: భాషకి అయిదుకి నాలుగు, ఓరియెంటేషన్‌కి అయిదుకి అయిదు, పేరులో ఉన్న ఇంటిగ్రేషన్‌కి రెండు. చేరేవాళ్లు పిల్లల ఏర్పాటు ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి, ఇంటికి దగ్గరని కాకుండా టీచర్ ఎలా చెబుతుందో పాత విద్యార్థుల్ని అడిగి స్కూలు ఎంచుకోండి. ఫార్మసిస్ట్ లాంటి వృత్తులవాళ్లకు బి1 సరిపోదు, ఆ పైన కోర్సు కోసం మొదటి నెలలోనే వాకబు చేయండి.

తేజెకి బి1 రాలేదు, దానికి ఒక మెట్టు కింద ఎ2 వచ్చింది. ఆ సర్టిఫికెట్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, మోకాలి నొప్పికి డాక్టర్ దగ్గరికి ఈసారి కొడుకుని తీసుకెళ్లకుండా ఒక్కతే వెళ్లింది.