చే గువేరా: ముందు 'గెరిల్లా యుద్ధం' చదవాలా, 'బొలీవియా డైరీ' చదవాలా?

హన్మకొండలో మేం ఆదివారాలు కూర్చుని పుస్తకాల ముచ్చట పెట్టుకుంటాం. కొత్తగా వచ్చేవాళ్లు తిప్పి తిప్పి అడిగేది ఇదే. మొన్న ఒక డిగ్రీ పిల్లవాడు చే బొమ్మ టీషర్టు తొడుక్కొనే వచ్చి, "సార్, అన్ని చదివే టైం లేదు. ఒక్కటి చెప్పున్రి, ఏది కొనాలె?" అన్నాడు. ఆటోల వెనక, హాస్టల్ గోడల మీద ఆ టోపీని, ఆ చూపును చూస్తూ పెరిగిన పిల్లలు. మనిషెవరో చెప్పాల్సిన పనిలేదు. ఎక్కడ మొదలుపెట్టాలన్నదే పేచీ.

'మోటార్ సైకిల్ డైరీ' సంగతి ముందే తేల్చేస్తాను. 1952లో ఇరవైమూడేళ్ల మెడిసిన్ విద్యార్థి, దోస్తు గ్రనాడోతో కలిసి పాత నార్టన్ బండి మీద ఊళ్లు తిరిగిన కథ. బండి చిలీలోనే చేతులెత్తేస్తుంది, ప్రయాణం మాత్రం సాగుతుంది. కాజీపేటలో రైలెక్కి తెరిస్తే సికింద్రాబాద్ వచ్చేసరికి సగం అయిపోతుంది. బాగుంటుంది, కానీ అందులో నాయకుడు ఇంకా పుట్టలేదు. 1965 నాటి 'క్యూబాలో సోషలిజం, మనిషి' చిన్న వ్యాసం, తర్వాత చూసుకోవచ్చు.

అసలు పోటీ రెండింటికే. 'గెరిల్లా యుద్ధం' 1960లో వచ్చింది. అప్పటికి క్యూబా నియంత బటిస్టా దేశం విడిచి పారిపోయి ఏడాది దాటింది. మొదటి పేజీల్లోనే మూడు మాటలు తేల్చి చెప్తాడు. ప్రజల బలగం సైన్యాన్ని ఓడించగలదు. విప్లవానికి పరిస్థితులన్నీ పండేదాకా కూర్చోనక్కర్లేదు, తిరుగుబాటే వాటిని పుట్టించగలదు. వెనుకబడ్డ లాటిన్ అమెరికా దేశాల్లో పోరాటానికి నేల పల్లెటూరే. ఇంత సూటిగా రాసిన రాజకీయ పుస్తకాలు తక్కువ. పైగా పొడి సిద్ధాంతం కూడా కాదు. ఊయల పడక, పైన కప్పుకోవడానికి నైలాన్ గుడ్డ, మంచి బూట్లు, ఉప్పు అంటూ సంచిలో ఏమేం ఉండాలో లెక్కపెడతాడు. పొగతాగే పైపు దగ్గరుంటే సిగరెట్ పీకలు కూడా వృథా పోవని సలహా ఇస్తాడు. ఆ వాక్యం దగ్గర నాకు నవ్వొచ్చింది. పుస్తకం మొత్తంలో మనిషి కనిపించేది అలాంటి చోట్లే.

మిగతాదంతా 'ఉండాలి', 'చేయాలి'. ఎనుమాముల మార్కెట్లో పత్తి మంచి ధరకు అమ్ముకొని ఇంటికొచ్చిన రైతు, విత్తనం దగ్గర నుంచి సేద్యం చెప్తుంటే ఎలా ఉంటుంది? చెప్పేది అబద్ధం కాదు. వాన ఎగ్గొట్టిన ఏడు ఆ ముచ్చట అట్లా ఉండదు, అంతే.

డైరీ వాన ఎగ్గొట్టిన ఏటిది, బొలీవియాలో పోరాటం లేపబోయి ఓడి ప్రాణం పోగొట్టుకున్న కాలానిది. నా వరకు తేడా అంతా ఇక్కడే ఉంది. పుస్తకం రాజకీయమా, సొంత కథా అన్నది నాకు అంత ముఖ్యం కాదు. రాసేనాటికి ఫలితం తెలుసా, లేదా అన్నదే చూస్తాను. 1963లో పుస్తకంగా వచ్చిన 'క్యూబా యుద్ధ జ్ఞాపకాలు' కూడా సొంత కథే. తూటాలు కురుస్తుంటే మందుల సంచీ వదిలేసి తూటాల పెట్టె ఎత్తుకున్న డాక్టర్ కథ అందులోనిదే. చదివిస్తుంది, కథగా చూస్తే అన్నిటికన్నా మేలు. కానీ అదీ గెలిచాక కూర్చుని రాసిందే.

బొలీవియా డైరీ 1966 నవంబర్ 7న మొదలై, పదకొండు నెలలు ఏ రోజుది ఆ రోజే రాసుకుంటూ పోయింది. రేపేమవుతుందో రాసేవాడికి తెలియదు. చదవడం సులువు కాదు, ఆ మాట ముందే చెప్తున్నా. ఎంత ఎత్తు ఎక్కారు, ఏ వాగు దాటారు, తిండి ఎన్ని రోజులకు వస్తుంది, పేజీల కొద్దీ ఇదే. అందరికీ మారుపేర్లే, ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోకపోతే తికమక. ప్రతి నెలాఖరున నెల లెక్క రాస్తాడు. విసుగొస్తే ముందు అవి మాత్రం చదవండి. రైతులు మనతో కలవడం లేదన్న మాట ఆ లెక్కల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. 1960లో పల్లెటూరి మీద అంత ధీమాగా రాసిన చెయ్యే అది.

1967 ఆగస్టు 8 పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నా. ఉబ్బసం మందు లేదు, నడవలేక ఆడగుర్రం ఎక్కాడు. అది కదలకపోతే చిరాకులో మెడ మీద కత్తితో పొడిచాడు. ఆ రాత్రి అందరినీ కూర్చోబెట్టి, నేను పీలికలా అయిపోయాను, ఒక్కోసారి నా మీద నాకే అదుపు తప్పుతోంది, గుర్రం సంగతే అందుకు సాక్ష్యం అన్నాడని రాసుకున్నాడు. గెరిల్లా నాయకుడు ఎలా ఉండాలో చెప్పే పుస్తకంలో ఈ రాత్రికి చోటు లేదు.

మా దగ్గరికొచ్చే పెద్దాయన, డెబ్బై దాటిన పాత కార్యకర్త, నాతో ఒప్పుకోడు. "రాజకీయం తెల్వకుంట డైరీ చదివితే అది సినిమా అయితది తమ్మీ" అంటాడు. అందులో నిజముంది. అందుకే ఆ పిల్లవాడికి 'గెరిల్లా యుద్ధం' మొదటి అధ్యాయం ఇక్కడే కూర్చుని చదువుకొమ్మని, డైరీ కొనుక్కోమని చెప్పాను.

ఆఖరి పేజీ అక్టోబర్ 7. లోయలోకి ఒక ముసలమ్మ మేకలు తోలుకొని వస్తుంది. సైనికుల జాడ అడిగితే తనకేం తెలియదని, అటు వెళ్లి చాలా రోజులైందని అంటుంది. మా నాయనమ్మ ములుగు అవతల మేకలు కాసేది. అన్నలు అడిగినా, పోలీసులు అడిగినా "నాకేమెర్క బిడ్డా, నేనటు పోక మస్తు రోజులాయె" అనేది. పొద్దున్నే పోయేది అటే.

ఎవరికీ చెప్పొద్దని చే మనుషులు ఆ ముసలమ్మ చేతిలో యాభై పెసోలు పెట్టారు. మాట నిలబెట్టుకుంటుందన్న ఆశ పెద్దగా లేదని కూడా అదే పేజీలో రాశాడు. ఆ రాత్రి చిన్న వెన్నెలలో పదిహేడు మంది బయల్దేరారు. తర్వాతి పేజీ లేదు.