అమెరికా కరువు పటం, సియెర్రా మంచు లెక్క: ఫోల్సమ్‌లో వాడి చూసి చెప్తున్న మాట

కాలిఫోర్నియాలో ప్రతి గురువారం పొద్దున ఐదున్నరకి ‘డ్రాట్ మానిటర్’ అనే అమెరికా కరువు పటం కొత్తది వస్తుంది. పైసా ఖర్చు లేదు, లాగిన్ లేదు. శాక్రమెంటో పక్కన ఫోల్సమ్‌లో ఇళ్లు కొని, పెరట్లో మునగ, కరివేప, బెండ వేసుకునే మనవాళ్లు ‘ఈ ఏడు నీళ్లెలా ఉంటాయన్నా?’ అని అడుగుతుంటారు. వాళ్ల కోసం రాస్తున్నా. పటం చాలా మంచిది. కానీ అదొక్కటే చూసి నీళ్ల సంగతి తేల్చుకోవద్దు.

1999 నుంచి ప్రతి వారం ఈ పటం వస్తోంది. నెబ్రాస్కా-లింకన్ విశ్వవిద్యాలయంలోని కరువు కేంద్రం, వాతావరణం చూసే నోవా, వ్యవసాయ శాఖ కలిసి తెస్తాయి. ఎండు తీవ్రతకి డీ0 నుంచి డీ4 దాకా మెట్లుంటాయి. పసుపు రంగు డీ0, అది ఇంకా కరువు కాదు. డీ1 నుంచి కరువు మొదలు. ముదురెరుపు డీ4 వచ్చిందంటే, ఆ చోట ఆ కాలంలో వందేళ్లకి రెండుసార్లు కూడా కనపడనంత ఎండు. వాన, నేల తేమ, వాగుల ప్రవాహం, మంచు అన్నీ చూసి, ఊళ్లలో ఉన్న వందలమంది పరిశీలకుల మాట కూడా విని, చివరికి ఒక మనిషి కూర్చుని గీతలు గీస్తాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. మాది అనంతపురం జిల్లా. మా చిన్నప్పుడు కరువు మండలాల జాబితా వచ్చేసరికి చేలో వేరుశనగ ఊడలు దిగకుండానే మాడిపోయి ఉండేది. ఇక్కడ అమెరికాలో మేత కాలంలో కౌంటీ (మన జిల్లా లాంటిది) వరుసగా 4 వారాలు డీ2లో ఉంటే చాలు, పశువుల రైతు సాయానికి అర్హుడవుతాడు. ఆ లెక్క ఈ పటం మీదే. వారం వారం కరువును గుర్తించడం ఎంత విలువైన పనో ఎండిన చేను చూసినవాళ్లకి తెలుస్తుంది.

అయితే నేల ఎంత ఎండిందో పటం చెప్తుంది గానీ మన కొళాయికి ఏమొస్తుందో చెప్పదు. ఫోల్సమ్ డ్యామ్ నిండితే 9.77 లక్షల ఎకరా అడుగులు, మన లెక్కలో 42 టీఎంసీల పైచిలుకు. శ్రీశైలంలో ఐదో వంతు. ఎండాకాలానికి కావాల్సిన మిగతా నీళ్లు పైన కొండల మీద మంచుగా ఆగి ఉంటాయి. అందుకే రాష్ట్ర జలవనరుల శాఖ మంచు పేజీ కూడా తెరవాలి. రాష్ట్రం వాడే నీళ్లలో దాదాపు 30 శాతం ఆ సియెర్రా కొండల మంచుదే.

ఆ పేజీలో లోతు కాదు, మంచులో ఉన్న నీళ్లెంతో చూడాలి. టాహో సరస్సుకి వెళ్లే హైవే 50 మీద మంచు కొలిచే ఫిలిప్స్ స్టేషన్ ఉంది. 2023 ఏప్రిల్ 3న అక్కడ మంచు 126.5 అంగుళాల లోతు, కరిగితే 54 అంగుళాల నీళ్లు. అదే మైదానంలో 2015 ఏప్రిల్ 1న మంచన్నదే లేదు. గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఎండు గడ్డి మీద నిలబడి పట్టణాల వాడకంలో 25 శాతం కోత ప్రకటించాడు. ఆ ఏడు రాష్ట్రమంతా కలిపి మంచు నీళ్లు సగటులో 5 శాతమే.

ఈ పేజీతో ఒక చిక్కుంది. ‘సగటులో 60 శాతం’ అన్న మాట రెండు రకాలుగా వస్తుంది. ఒకటి ఆ రోజుకి ఉండాల్సిన సగటుతో, రెండోది ఏప్రిల్ 1 సగటుతో. జనవరిలో మొదటి లెక్కన 60 ఉంటే దిగులుపడాలి, రెండో లెక్కన 60 ఉంటే సంతోషించాలి. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే స్క్రీన్‌షాట్లలో ఏ లెక్కో ఉండదు. శాతం పక్కన ఏం రాసుందో చదవకుండా ఎవరికీ పంపొద్దు.

మంచు లెక్క కూడా ఒక్కోసారి చాలదు. 2021 ఏప్రిల్ 1న సగటులో దాదాపు 60 శాతం మంచుంది. మే ముగిసేలోపు కరిగిపోయింది, నదుల్లోకి మాత్రం అంచనాకన్నా చాలా తక్కువ నీళ్లొచ్చాయి. రెండేళ్లుగా ఎండిన నేల ముందు తన దాహం తీర్చుకుంది, ఎండకి కొంత ఆవిరైంది. ఆ ఆగస్టులో ఓరోవిల్ డ్యామ్ కరెంటు కేంద్రం నీళ్లు చాలక మూతపడింది. 1960లలో కట్టిన నాటినుంచి అదే మొదటిసారి. విమానం నుంచి లేజర్‌తో కొండ కొండంతా మంచు కొలిచే పద్ధతిని ఆ తర్వాత మరిన్ని నదీ పరీవాహకాలకి పెంచడం మంచి పని.

అందుకే వాతావరణ శాఖ ‘హీట్‌రిస్క్’ పటం కూడా చూస్తాను. అది మనుషుల ఆరోగ్యం కోసం పెట్టింది, నీళ్ల కోసం కాదు. కానీ ఏడు రోజుల ఎండని, రాత్రుళ్లు చల్లబడుతుందా లేదా అన్నదాన్ని కలిపి చెప్తుంది. 2022 సెప్టెంబర్ 6న శాక్రమెంటో నడిబొడ్డున 116 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 46.7 సెల్సియస్. అలాంటి వారంలో ఎరుపు, ఊదా రంగులు ముందే కనిపిస్తే తెల్లవారుజామునే మొక్కల మొదళ్లకి నీళ్లు పెట్టి, పైన ఎండుటాకులు కప్పుకోవచ్చు.

మూడూ మూడు చోట్ల ఉండటమే నా అసంతృప్తి. మామూలు ఇంటివాడికి ఒకే తెర మీద కనపడాలి. ఐదుకి నాలుగు చుక్కలు ఇస్తా. కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు ఫిబ్రవరిలో పటం మీద రంగు లేదని లాన్ వేయించుకోవద్దు. ఏప్రిల్ మొదటి వారం మంచు లెక్క వచ్చేదాకా ఆగండి.