సాలూరు ఘాట్ పక్కన పదమూడేళ్లు: పాత 2515 లారీతో నా అనుభవం

నా లారీ 2008 మోడల్ టాటా 2515. పది చక్రాలు, ఆరు సిలిండర్ల కమిన్స్ ఇంజను, పాత కాలుష్య ప్రమాణమైన బీఎస్-3. పేరులో మొదటి రెండంకెలు లోడుతో కలిపి మొత్తం బరువు 25 టన్నులని చెబితే, చివరి రెండూ సుమారు 150 హార్స్‌పవర్ అని చెబుతాయి. 2012లో విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్‌గా కొన్నాను. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడగకండి. నేను కొన్న రోజున మీటరు చూపించిన అంకె చూసి నాకే నవ్వొచ్చింది. ఆ తర్వాత నా చేతిలోనే దాని కేబుల్ రెండుసార్లు తెగింది.

మాది సాలూరు, లారీల ఊరు. విజయనగరం వైపు నుంచి రాయపూర్ వెళ్లే పాత 43వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. మా వైపు భాగాన్ని ఇప్పుడు 26 అంటున్నారు. ఊరు దాటి కాస్త ముందుకు పోగానే ఒడిశాలోని సుంకి వైపు ఘాట్ మొదలవుతుంది. కోరాపుట్, జగదల్‌పూర్ దాటాక ఛత్తీస్‌గఢ్‌లోని కేశ్‌కాల్ దగ్గర మరో ఘాట్. పోయేటప్పుడు ఎరువులో ఉప్పో, వచ్చేటప్పుడు బియ్యమో ఇనుమో. అంటే రెండు వైపులా లోడుతోనే కొండలెక్కాల్సి వచ్చేది. చదును నేల మీద ఏ లారీ అయినా బాగానే ఉంటుంది కాబట్టి, ఈ సమీక్షను కొండ మీద పరుగును బట్టి రాస్తున్నానని ముందే చెబుతున్నాను.

ముందు ఇంజను సంగతి. 5.9 లీటర్ల ఈ ఇంజనులో కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. టైమింగ్ బెల్టు కూడా లేదు, అంతా గేర్లే. డీజిల్ కొలిచి పంపేది పక్కన బిగించిన మెకానికల్ పంపు. కంపెనీ పేరు ఎప్పుడో మారినా మా మేస్త్రీలందరూ దాన్ని ఇప్పటికీ మైకో పంపనే అంటారు. పదమూడేళ్లలో ఒక్కసారే బోరు చేయించాను (అరిగిన సిలిండర్ల లోపలి గోడలు చెక్కించి సరిచేయడం), అదీ నా తెలివితక్కువతనం వల్ల. ఎయిర్ ఫిల్టర్‌ను టైర్ల షాపులో గాలితో కొట్టించి మళ్లీ మళ్లీ వాడాను. కాగితానికి సన్నని చిల్లు పడిన సంగతి చూసుకోలేదు. ఈ ఇంజనులో సిలిండర్లకు విడి లైనర్లు ఉండవు, బోర్లు నేరుగా బ్లాకులోనే ఉంటాయి. దుమ్ము లోపలికి పోతే అరిగేది బ్లాకే. 2017లో అర మిల్లీమీటరు పెద్ద సైజు పిస్టన్లు వేయించాల్సి వచ్చింది. అప్పటినుంచి ఫిల్టర్‌ను దులపడం మానేశాను. లోపల బల్బు పెట్టి చూస్తాను, అనుమానం వస్తే కొత్తది వేస్తాను.

బోరు అరిగిందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఇంజను వేడెక్కాక ఐడిలింగ్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూతను విప్పి, తలకిందులుగా అదే రంధ్రం మీద పెట్టండి. కొద్దిగా వణికితే ఫరవాలేదు. ఎగిరి కింద పడితే పిస్టన్ రింగుల పక్కనుంచి గాలి కిందికి దిగుతోందన్నమాట. నాది ఎగిరి పడింది.

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువ ఖర్చు పెట్టించిన కథ. 2015 వేసవిలో ఘాట్ ఎక్కుతుంటే లారీ బలం తగ్గడం మొదలైంది. మూడో గేరులో పోయేచోట రెండో గేరులోకి దిగాల్సి వచ్చేది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ఇంజను ఊగిసలాడేది, నల్లపొగ మాత్రం లేదు. చదును రోడ్డు మీదికి రాగానే ఏమీ ఎరగనట్టు పరుగెత్తేది. డీజిల్ ఫిల్టర్లు రెండూ మార్చాను. తగ్గలేదు. ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి సరిచేయించాను. తగ్గలేదు. ఒక పంపు షాపువాళ్లు పంపు అరిగిందని తేల్చారు. విప్పి, కొత్త ఎలిమెంట్లు వేసి, క్యాలిబ్రేషన్ చేసి బిగించారు. అన్నీ కలిపి ముప్పై ఒక్క వేలయ్యాయి, దాంతోపాటు వారం రోజుల కిరాయి పోయింది. మొదటి ట్రిప్పులో ఘాట్ ఎక్కింది. రెండో ట్రిప్పులో మళ్లీ అదే ఊగిసలాట.

చివరికి ఊళ్లో పని మానేసి ఇంట్లో కూర్చున్న ఓ పెద్ద మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన బానెట్ కూడా ఎత్తించలేదు. “ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు కూడా ఇలాగే చేస్తుందా బాబూ?” అని అడిగారు. ఆలోచిస్తే నిజమే, డీజిల్ కొట్టించిన రోజున ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. సగం కంటే కిందికి దిగినప్పుడే వచ్చేది. ఐదు లీటర్ల డబ్బాలో శుభ్రమైన డీజిల్ పోసి క్యాబిన్ పక్కన కట్టమన్నారు. ట్యాంకు నుంచి వచ్చే పైపును, డీజిల్‌ను లాగే ఫీడ్ పంపు దగ్గర ఊడదీసి, డబ్బాలోంచి కొత్త పైపు వేయించారు. “ఇప్పుడు ఎక్కి చూడు” అన్నారు. లోడుతో, మూడో గేరులో, ఎక్కడా తగ్గకుండా ఎక్కింది.

అంటే పంపు, నాజిళ్లు, ఫిల్టర్లు అన్నీ సవ్యంగానే ఉన్నాయి. తప్పు ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యలో ఉంది. వెతికితే ఛాసిస్ మీద క్లిప్పు కింద రబ్బరు పైపు గట్టిపడి, వెంట్రుకంత చీలింది. ఫీడ్ పంపు దాటాక చీలితే డీజిల్ బయటికి కారుతుంది, కంటికి కనబడుతుంది. అంతకు ముందు చీలితే పంపు పీల్చే పీల్పుకు బయటి గాలి లోపలికి పోతుంది. బయట చుక్క తడి ఉండదు. ట్యాంకు నిండుగా ఉంటే డీజిల్ తేలిగ్గా అందుతుంది కాబట్టి పైపులో పీల్పు తక్కువ, గాలి చొరబడదు. మట్టం తగ్గినకొద్దీ, ఎక్కుడులో ఇంజను ఎక్కువ అడిగినకొద్దీ పీల్పు పెరుగుతుంది, గాలీ పెరుగుతుంది. కొత్త పైపు, రెండు క్లిప్పులు కలిపి నూట ఇరవై రూపాయలు. మేస్త్రి గారు డబ్బు తీసుకోలేదు, టీ మాత్రం తాగారు.

ఆ డబ్బా, పైపు ఈ రోజుకీ నా టూల్ బాక్సులో ఉన్నాయి. వాటితో ఇప్పటిదాకా కనీసం ఏడెనిమిది లారీలను పంపు షాపు గడప ఎక్కకుండా తప్పించాను. రిపేరు మొదలుపెట్టేముందు తప్పు ఏ భాగంలో లేదో తేల్చుకోవడం నాకప్పుడే అలవాటైంది.

ఒక సిలిండరు సరిగా కొట్టడం లేదని అనిపించినా అంతే. ఐడిలింగ్‌లో నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటిగా కాస్త వదులు చేసి మళ్లీ బిగించాలి. ఏది వదులు చేసినప్పుడు శబ్దంలో మార్పు రాదో, ఆ సిలిండరే సోమరి. ముఖాన్ని దూరంగా ఉంచి, చేతికి గుడ్డ చుట్టుకుని చేయండి. ఇది ఇలాంటి పాత పంపులకు మాత్రమే. కామన్ రైల్ అనే కొత్తరకం ఇంజన్ల మీద ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. అక్కడి పీడనానికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. టాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) ఏడాదికోసారి, ఇంజను పూర్తిగా చల్లబడ్డాక, ఇన్‌టేక్ 0.25, ఎగ్జాస్ట్ 0.50 మిల్లీమీటర్లకు పెట్టిస్తాను. ఆయిల్ పదహారు లీటర్ల దాకా పడుతుంది. ఆ విషయంలో నేనెప్పుడూ పిసినారితనం చేయలేదు. ఘాట్ ఎక్కి ఆపినప్పుడు వెంటనే ఇంజను కట్టేయకుండా మూడు నాలుగు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచుతాను, ఇంజనుకు గాలి ఎక్కించే టర్బో కాస్త చల్లారాలి కదా. ఆ టర్బో 2017 బోరు నాటిదే, ఇంకా ఉంది.

వేడెక్కడం గురించి రెండు మాటలు. ఎక్కుడులో ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతే అందరూ ముందుగా, వేడిని బట్టి నీళ్లను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ పీకి పారేస్తారు. నేనూ పీకాను. ఉపయోగం లేకపోగా, చలికాలం కొండ మీద ఇంజను వేడెక్కడానికే అరగంట పట్టేది. నా లారీలో అసలు కారణం టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో దట్టంగా పేరుకున్న ఊక, నుసి. ముందునుంచి చూస్తే రేడియేటర్ అద్దంలా కనబడుతుంది. మధ్య సందులో చెయ్యి పెడితే గానీ తెలియదు. ఇంజను వైపునుంచి బయటికి నీళ్లు కొట్టించాలి. ముందునుంచి కొట్టిస్తే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది.

బ్రేకులకు మాత్రం సమయం ఇవ్వాలి. సుంకి దిగుడులో బ్రేకు కాలిన వాసన పట్టిన రోజు నాకింకా గుర్తుంది. పొద్దున్నే గాలి ట్యాంకుల నీళ్లు వదిలేస్తాను. నీళ్లతోపాటు ఆయిల్ వస్తుంటే, బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ రింగులు అరిగినట్టే. గాలి పూర్తిగా నిండాక ఇంజను కట్టేసి, బ్రేకు తొక్కి పట్టుకుని గేజి ముల్లు చూస్తూ చెవులు రిక్కించి కూర్చుంటాను. ఉస్సుమనే శబ్దం ఎటునుంచి వస్తుందో తెలిసిపోతుంది. ఆపిన ప్రతిచోటా హబ్బుల దగ్గర చెయ్యి వెనక్కి తిప్పి పెట్టి చూస్తాను. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే బ్రేకు లైనరు పట్టుకుందని అందరికీ తెలుసు. ఒకటి మిగతావాటికంటే చల్లగా ఉంటే ఆ చక్రానికి బ్రేకే పడటం లేదని, దాని పని కూడా మిగిలినవే చేస్తున్నాయని చాలామందికి తట్టదు. నాకు బ్రేకు సందును సరిచేసే స్లాక్ అడ్జస్టర్ తప్పులు రెండుసార్లు దొరికింది చల్లని హబ్బు వల్లే.

కరెంటు విషయంలో ఒకటే ఫిర్యాదు, అదీ నా మీద నాకే. లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిసి 24 ఇస్తాయి. పాటల కోసం, ఫ్యాను కోసం ఒక్క బ్యాటరీ నుంచి 12 వోల్టులు లాగాను. దానితో ఒకటి సగం చార్జీతో, రెండోది అతిగా చార్జయి, రెండూ ఏడాది తిరక్కుండా చచ్చాయి. రెండోసారీ అదే చేశాను. మూడోసారి 24 నుంచి 12కి మార్చే చిన్న కన్వర్టరు కొన్నాను. అంతకుముందు సెల్ఫ్ కొట్టినప్పుడు మూలుగుతోందని మోటారు విప్పించబోయాను. ఛాసిస్‌కు కట్టిన ఎర్త్ తీగ తుప్పు గీకితే సరిపోయింది.

సౌకర్యం గురించి అడిగితే, ఆనాటి లారీలన్నిటిలాగే మే నెలలో క్యాబిన్ పొయ్యి. మా బావమరిదికి బీఎస్-6 లారీ ఉంది. ఏసీ క్యాబిన్, అదే లోడుకు నాకంటే ఎక్కువ మైలేజీ. నాకు లోడుతో లీటరుకు మూడున్నర దాటితే పండుగ. అయితే అతని లారీ ఒకసారి కేశ్‌కాల్ దగ్గర హెచ్చరిక దీపం వెలిగి బలం తగ్గించుకుంది. ల్యాప్‌టాప్ పట్టుకొచ్చే మనిషి కోసం రెండు రోజులు అక్కడే పడుకున్నాడు. నేను వారానికోసారి మురికి చేతులతో ఇంటికొస్తాను, అతను ఏడాదికోసారి రోడ్డు మీద నిద్రపోతాడు. ఎవరికి ఏది నచ్చితే అది.

ఇప్పుడు పాత లారీకి మెకానిక్కుల కంటే కాగితాలే పెద్ద ఖర్చు. పదిహేనేళ్లు దాటిన భారీ వాహనాల ఫిట్‌నెస్ రుసుమును 2022 ఏప్రిల్‌లో 12,500 రూపాయలకు పెంచారు. అంతకంటే పెద్ద దెబ్బ వేరే రాష్ట్రాలకు పోవడానికి కావలసిన నేషనల్ పర్మిట్. రెండు ఇరుసులకు మించిన లారీకి పదిహేనేళ్లు నిండితే అది దక్కదు. 2023తో నా రాయపూర్ పరుగు ముగిసింది. బోరు, పంపు, టర్బో అన్నీ బాగున్న లారీ, ఊరి పక్కనున్న ఘాట్ ఎక్కకుండా విశాఖ నుంచి సిమెంటు తెచ్చుకుంటూ ఇటువైపే తిరుగుతోంది. ఒడిశా వైపు తలుపు మూసుకుపోయినందుకు బాధగానే ఉంది, దాచను.

ఇలాంటిది కొనాలనుకునేవారు కాగితాల తేదీలు చూశాక చేయాల్సిన పని ఒకటే. తెల్లవారుజామున, ఎవరూ స్టార్ట్ చేయకముందే వెళ్లి, ఇంజను మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని తేల్చుకుని, మీ ఎదుటే సెల్ఫ్ కొట్టించండి. పొద్దుటి మొదటి పొగ అబద్ధం చెప్పదు. తెల్లపొగ ఒక నిమిషంలో సర్దుకుంటే సరే, నీలంపొగ వస్తే ధర మళ్లీ మాట్లాడుకోండి.

పోయిన నెల ఒకాయన నా లారీ ధర అడిగారు. పొద్దున్న ఐదింటికి రండి, స్టార్ట్ చేయకుండా ఉంచుతానన్నాను. ఆయన పదకొండింటికి వచ్చారు. అప్పటికి నేనొక ట్రిప్పు దించి వచ్చాను. ఇంజను ఎంత వేడిగా ఉందో కూడా చూడకుండా, రంగు కొత్తగా వేయించారా అని అడిగారు. బేరం కుదరలేదు.