థైరాయిడ్ ఎక్కువైతే బీచ్ నడకా, బరువులెత్తడమా?

"ఆరు కేజీలు తగ్గిపోయావు, ఏం తింటున్నావు వదినా?" అని మా ఆడపడుచు అడిగితే మురిసిపోయాను. నిజానికి తిండి మామూలు కంటే ఎక్కువే తింటున్నాను. పీట మీంచి లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చిన రోజున అనుమానం వచ్చింది. పరీక్ష చేయిస్తే థైరాయిడ్ గ్రంథిని నడిపించే టీఎస్‌హెచ్ అడుగంటింది, ఆ గ్రంథి తయారుచేసే హార్మోన్లు టీ3, టీ4 పెరిగాయి.

థైరాయిడ్ హార్మోన్ హద్దు దాటితే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. ముందు దెబ్బ తినేవి తొడలు, తుంటి, భుజాలు. అందుకే మెట్లెక్కడం, అటక మీది డబ్బా దించడం కష్టం. గుప్పిట పట్టు మాత్రం చాలామందికి బాగానే ఉంటుంది. కరిగింది కొవ్వో కండో తూకం మిషన్ చెప్పదు కదా!

మందు మొదలుపెట్టిన కొత్తలో నా ఓటు నడకకే, అదీ నెమ్మదిగా. కూర్చున్నా గుండె దడదడలాడుతుంటే బరువుల జోలికి వెళ్లకూడదు. లయ తప్పే ప్రమాదముంది. కైలాసగిరి మెట్లూ వద్దు. పైగా విశాఖ ఉక్క! ఈ జబ్బులో అసలే వేడి ఆగదు. అందుకని తెల్లవారుజామున, ఆర్కే బీచ్ రోడ్డులో బళ్లు ఆపేసే వేళ బయల్దేరేదాన్ని. ఇసకలో దిగలేదు, కాళ్లు పీకేస్తాయి.

జిమ్ ట్రైనర్ ఒకాయన ఫ్యాట్ బర్నర్ వాడమన్నాడు. వాటిలో చాలావరకు కెఫీన్ ఉంటుంది. ఉన్న దడ చాలదా?

థైరాయిడ్ హార్మోన్‌ని తగ్గించే మాత్ర కార్బిమజోల్‌తో కొన్ని వారాలకి టీ3, టీ4 దారిలో పడ్డాయి. టీఎస్‌హెచ్ లేవడానికి ఇంకా టైమ్ పడుతుంది, అది చూసి టెన్షన్ పడక్కర్లేదు. డాక్టరు సరే అన్నాక మాత్రం బరువులే మేలు. పోయిన కండ తిరిగి రావడానికి నెలలు పడుతుంది, ఈలోగా తూకం ఎలాగూ పెరుగుతుంది. ఆకలి అలవాటు పోదు మరి. ఒట్టి నడకతో సరిపెడితే ఆ పెరిగేదాంట్లో కొవ్వు వాటా ఎక్కువవుతుందని నా భయం. జిమ్ ఫీజు అక్కర్లేదు: కుర్చీలోంచి లేచి కూర్చోవడం, చేతుల్లో లీటరు నీళ్ల సీసాలు. పప్పు, గుడ్లు, హార్బర్ చేప.

ఇంకో మాట: కార్బిమజోల్ మాత్ర వేసుకునేవాళ్లకి జ్వరంతో గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి, అదే రోజు డాక్టరుకి చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.

నిన్న చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచాను. తూకం నాలుగు కేజీలు పెరిగింది.

"మళ్లీ ఒళ్లు చేశావేంటి వదినా?" అంది ఆడపడుచు.